నలభై ఒక్క నిమిషాల నాడి

పొద్దున్న ఏడయ్యేసరికి నడిలంక శస్త్రశాలలో నలుగురు సర్జన్లూ వరసగా నిలబడి సాక్షితొడుగులు వేసుకున్నారు. అదే క్షణంలో రాష్ట్రమంతటా పదకొండు వేల మంది సర్జన్లు అదే పని చేస్తున్నారు. కత్తి పట్టే ముందు రోజూ ఒక తప్పు నేర్చుకోవాలి. ఈ కాలంలో అది పళ్లు తోముకున్నంత మామూలు సంగతి.

ఉల్లిపొరంత పలచగా ఉండే ఆ తొడుగు మహా గడుసుది. ఆపరేషన్ చేసే చేయి ఏది తాకిందో, ఎంత బలంగా తాకిందో, ఎక్కడ తడబడిందో అన్నీ దాచుకుంటుంది. తర్వాత దాన్ని ఎవరు తొడుక్కున్నా ఆ స్పర్శనంతా వాళ్ల వేళ్లకు తిరిగి అందిస్తుంది. ఎక్కడో ఒక ఊళ్లో ఒకరి చేయి చేసిన తప్పు మర్నాటికో, నెల తిరిగేలోగానో పదకొండు వేల జతల చేతులకు తెలిసిపోతుంది. దాన్నే ఉదయపాఠం అంటారు.

ఆ రోజు పాఠం పదకొండు సెకన్లు. ఎడమ మూత్రపిండం మీద గడ్డ. వేళ్లు ధమనిని పట్టుకున్నాయి, దాని వెనక తడిమి చూడకుండానే ముందుకు వెళ్లిపోయాయి. అక్కడ ఉండకూడని రెండో ధమని ఒకటి ఉంది. కత్తెర పడింది. వెచ్చని నెత్తురు వేళ్ల మీదికి ఎగదన్నింది.

"నా చెయ్యే," అన్నారు ఇద్దరు సర్జన్లు ఒకేసారి. పాఠం అయ్యాక అలా అనాలన్నది ఆనవాయితీ. ఆ తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. రేపు తన చేయీ అదే చేయవచ్చని ఒప్పుకోవడమే ఆ మాటకు అర్థం.

"నా చెయ్యే," అంది డాక్టర్ తారకేశ్వరి కూడా. ఆ పదకొండు సెకన్లూ నిజంగా ఆవిడవే. ఆ ఆపరేషన్‌లో ఆవిడ పక్కన నిలబడ్డ డాక్టర్ జుబేదా ఒకసారి ఆవిడ భుజం నొక్కి వదిలింది.

పాత రోజుల సంగతి వింటే ఇప్పటివాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియదు. బల్ల మీద మనిషి పోతే బంధువులు ఆస్పత్రి అద్దాలు పగలగొట్టేవారట. కేసు కాగితాలు రాత్రికి రాత్రే మాయమయ్యేవట. క్షమించమంటే నేరం ఒప్పుకున్నట్టేనని లాయర్లు డాక్టర్ల నోళ్లు కుట్టేసేవారట. పన్నెండేళ్లు కోర్టు చుట్టూ కాళ్లరిగేలా తిరిగినా అసలేం జరిగిందో ఇంటివాళ్లకు తెలిసేది కాదు. ఈలోగా పక్క ఊళ్లో ఇంకో డాక్టరు సరిగ్గా అదే తప్పు చేసేవాడు. ఎంత ఘోరం!

నివేదన చట్టం వచ్చాక ఆ గోలంతా సద్దుమణిగింది. తప్పు చేసిన సర్జన్ పొద్దుగూకేలోగా తన తొడుగులను తానే అప్పగిస్తే శిక్ష ఉండదు. కుటుంబానికి బతికినంత కాలం భృతి అందుతుంది. ఆ సర్జన్ నిజంగదిలో ఒక మధ్యవర్తి ముందు వాళ్లకు ఎదురుగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాలి. పాతికేళ్లు తిరిగేసరికి శస్త్రశాలల్లో పోయే ప్రాణాలు తొమ్మిదో వంతుకు దిగిపోయాయి. ఆ తొడుగులు కనిపెట్టిన వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

అయితే కుటుంబం చేతిలో ఒక హక్కు మిగిలే ఉంది. విన్న నిజం చాలనిపిస్తే కోర్టుకు వెళ్లబోమని కాగితం మీద సంతకం పెడతారు, చాలదనిపిస్తే ముప్పై రోజుల్లోగా వెళ్లవచ్చు. అలా వెళితే తీర్పు వచ్చేదాకా ఆ సర్జన్ తొడుగులకు సీలు వేస్తారు. యాభై రెండేళ్ల తారకేశ్వరికి అలా సీలు పడితే మళ్లీ కత్తి పట్టే యోగం ఉండదు. ఇవాళ ముప్పయ్యో రోజు. ఆ రోజు బల్ల మీద చనిపోయిన సూరిబాబు భార్య వీరమణి పదింటికి వస్తోంది.

*

వీరమణికి ముప్పై ఏళ్లుంటాయి. నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. మొగుడు రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపేవాడు. నిజంగదిలో ఆమె కుర్చీ అంచున కూర్చుని మధ్యవర్తి వైపు చూడనైనా చూడకుండా నేరుగా డాక్టర్ చేతుల వైపే చూసింది.

తారకేశ్వరి అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. రెండో ధమని ముందే తీసిన స్కాన్ ఫొటోలో సన్నటి గీతలా కనబడుతూనే ఉందని కూడా చెప్పింది.

"ఒక్క మాట అడుగుతానండి," అంది వీరమణి. "నేనూ కత్తి పట్టే మనిషినే. అంటు కట్టేటప్పుడు కత్తి జారడం వేరండి, తొందరపడ్డం వేరు. తమరి చెయ్యి జారిందా, తొందరపడిందా?"

మధ్యవర్తి గొంతు సవరించుకున్నాడు. జారిందంటే చాలు, గండం గడిచిపోతుంది. కానీ తారకేశ్వరి నీళ్లు నమల్లేదు.

"తొందరపడిందమ్మా. తొమ్మిది వందల ఆపరేషన్లు చేశానన్న ధీమా. వెనక ఒక్కసారి వేలితో తడిమితే తెలిసేది. తడమలేదు."

వీరమణి పెదవులు బిగుసుకున్నాయి. "నాకు తొందరైతే మొక్క ఎండుద్ది. ఇంకోటి కడతాను. మీరేం కడతారండీ ఇప్పుడు?"

మధ్యవర్తి కాస్త ముందుకు వంగాడు. "అమ్మా, ఈ పొద్దున్న ఆ పాఠం అందరి చేతులకూ వెళ్లింది. గంట క్రితం ఇంకో ఊరి నుంచి కబురొచ్చింది. ఒక సర్జన్ ఆ పాఠం గుర్తొచ్చి వెనక తడిమితే రెండో ధమని దొరికిందట. ఆ రోగి క్షేమం."

"మంచిదేనండి. బతకాలి, ఎవరి మొగుడో పాపం," అంది వీరమణి. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "మరి నా మొగుడు?"

కాసేపటికి చీర చెంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అడిగింది. "నెత్తురు ఎగదన్నాక ఏం చేశారండి?"

"చేత్తో పెద్ద ధమనిని అదిమిపట్టాను. డాక్టర్ జుబేదా కుట్లు వేస్తూ ఉంది, ఒకచోట వేస్తే ఇంకోచోట తెగుతోంది. నలభై ఒక్క నిమిషాలు అదిమాను. ఆ తర్వాత గుండె ఆగిపోయింది."

"మధ్యలో చెయ్యి తియ్యలేదా?"

"లేదమ్మా."

"అయితే ఆయన ఆఖరిదాకా తమరి చేతి కిందే ఉన్నాడన్నమాట." వీరమణి తొలిసారి తల ఎత్తింది. "ఆ తొడుగులో అదంతా ఉంటదా అండి?"

ఉంటుంది. పాఠానికి కావలసిన పదకొండు సెకన్లు దాచి, మిగతాది ముప్పయ్యో రోజు సాయంత్రం చెరిపేస్తారు. అంటే ఇవాళే.

"నాకోసారి తొడగండి."

మధ్యవర్తి అదిరిపడి బల్ల మీది నిబంధనలన్నీ తిరగేశాడు. కుటుంబం వాళ్లు తొడుక్కోవచ్చని ఎక్కడా లేదు, కూడదనీ లేదు. అలా అడిగేవాళ్లు ఉంటారని చట్టం రాసినవాళ్లకు తట్టనే లేదు. పాపం, వాళ్లంతా మేధావులు.

ఆ నలభై ఒక్క నిమిషాల్లో తారకేశ్వరి భయమంతా ఉంది, వేళ్ల వణుకుంది, చేతకానితనం ఉంది. అవన్నీ ఆ పిల్ల చేతికి తెలిసిపోతాయి. తెలిశాక సంతకం పెడుతుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఆవిడ లేచి వెళ్లి తొడుగుల పెట్టె తెచ్చి, తన చేతులతోనే వీరమణి చేతికి తొడిగింది.

*

వీరమణి కళ్లు మూసుకుంది. మొదట బిగుసుకున్న చేయి తగిలింది, వణుకుతున్న వేళ్లు తగిలాయి. ఆమె నొసలు ముడిపడింది. అంతలో ఆ వేళ్ల కింద వెచ్చగా, గట్టిగా ఏదో కొట్టుకోసాగింది.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు..." పెదాల మీదే లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టింది. "ఇదిగో, మింగేశాడు! ఆయనేనండి, ఆయనే!"

ఎవరికీ అర్థం కాలేదు. కళ్లు తెరవకుండానే ఆమె గబగబా చెప్పుకుపోయింది. "ఆయన గుండె అప్పుడప్పుడు ఒక దెబ్బ మింగేసి, తర్వాత రెండు గబుక్కున కొడుద్దండి. పెళ్లైన కొత్తలో భయపడి చచ్చాను. పంటు ఇంజనుకీ ఇదే రోగం, నాకంటుకుందే అని నవ్వేవాడు. ఆయన గుండెల మీద తల పెట్టుకుని ఆ దెబ్బ కోసం కాసుకుని ఉండేదాన్ని." కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. "నెల్లాళ్లయింది ఇది విని."

నలభై ఒక్క నిమిషాలూ ఎవరూ కదల్లేదు. మధ్యవర్తి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. నాడి సన్నబడుతున్న కొద్దీ వీరమణి వేళ్లు ఖాళీగాలిని ఇంకా గట్టిగా అదిమాయి. చివరికి ఆగిపోయింది. తారకేశ్వరి తొడుగు తీయబోతే వద్దన్నట్టు తల ఊపింది. ఇంకో ఆరు నిమిషాలు గడిచాక కళ్లు తెరిచింది.

"ఆగిపోయాక కూడా తియ్యలేదేంటండీ, చెయ్యి?"

"తియ్యలేకపోయానమ్మా." తారకేశ్వరి అప్పుడు ఏడ్చింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో రోగి మనుషుల ఎదుట ఆవిడ ఏడవడం అదే మొదలు.

వీరమణి తొడుగు తీసి పెట్టెలో పెట్టింది. "తొందరపడ్డారు. అది నేను మర్చిపోనండి," అంది. తర్వాత మధ్యవర్తి వైపు తిరిగింది. "కాయితం ఇలా ఇయ్యండి. ఏలు ముద్రేస్తాను. కానీ ఆ తొడుగు చెరిపితే మాత్రం ఊరుకోను. ఆదివారం ఆదివారం వస్తాను."

*

చెరపకూడదని రాజధాని నుంచి అనుమతి వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. ఆలోగా మధ్యవర్తి ఆ పెట్టెను తన బీరువాలోనే పెట్టుకుని తాళం వేసుకున్నాడు. కబురు ఆ నోటా ఈ నోటా పాకింది. ఇప్పుడు ప్రతి శస్త్రశాలలోనూ నిజంగది పక్కన ఇంకో చిన్న గది ఉంది. తప్పులు పట్టడానికి పుట్టిన తొడుగుల్లో తమ మనిషి మిగిలి ఉన్నాడని జనం అక్కడికి వస్తారు. ఎవరో తండ్రి, ఎవరో చెల్లెలు, కళ్లు మూసుకుని కూర్చుంటారు.

వీరమణి ఆదివారం తొమ్మిదింటికి వస్తుంది. నాడి ఆగిపోయేదాకా ఆమె మళ్లీ ఎన్నడూ కూర్చోలేదు. ముప్పై ఎనిమిదో నిమిషంలో, ఇంకా కొట్టుకుంటూ ఉండగానే మెల్లిగా తొడుగు తీసేస్తుంది.

"ఉంటానండి. పంటు ఎల్లిపోద్ది," అని లేచి వెళ్లిపోతుంది.

మిగిలిన మూడు నిమిషాలూ తారకేశ్వరి తొడుక్కుంటుంది.