గురువారం మూడింటికి ఊడే తీగ

డెబ్బై ఏడేళ్లొచ్చాయి నాకు. కథలో ఆవగింజంత అబద్ధం కలిపి ఎరుగను. మా మేనల్లుడి సంగతి కూడా ఉన్నదున్నట్టే చెబుతున్నాను.

వాడి ఆఫీసులో నాలుగు వేల కంప్యూటర్లు. సరే, నాలుగు వందలు. వాటిలో ఎప్పటికప్పుడు వచ్చే కొత్త అప్‌డేట్లు ఎక్కించడం వాడి ఉద్యోగం. సీటు సీటుకీ తిరిగి, ఒక్కోదాని ముందు గంటసేపు కూర్చునేవాడు.

రికార్డుల గదిలో మాత్రం ఆ గంట రెండయ్యేది. అక్కడి అమ్మాయి మొదటిరోజే తగువేసుకుంది.

“నా ఫైలు ఒక్కటి పోయినా ఊరుకోను, అప్‌డేట్ గారూ!”

“పోవండీ. నేనున్నాగా.”

“అదేగా నా భయం!”

తెర మీద అంకె పదిహేను శాతం దగ్గర చతికిలబడితే ఇద్దరూ కబుర్లలో పడేవాళ్లు. అది వందకు చేరిందంటే మావాడికి ప్రాణం ఉసూరుమనేది.

“ఇంత చదువూ చదివి కుర్చీ కుర్చీకీ తిరగడమేనా?” అని ఒకరోజు ఆటపట్టించింది. అంతే, వాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. నెల్లాళ్లు కష్టపడి ప్రోగ్రాం రాశాడు. ఇక ప్రతి గురువారం మూడింటికి కంప్యూటర్లన్నీ వాటంతటవే మారిపోతాయి.

మొదటి గురువారం అన్నీ మారాయి, ఒక్కటి తప్ప. ఆమెదే. మెట్లు రెండేసి ఎక్కి పరిగెత్తాడు. బల్ల కింద నెట్‌వర్క్ తీగ ఊడి ఉంది.

“ఎలుకలేమోనండీ,” అంది అమాయకంగా. “వచ్చారుగా, కూర్చోండి.”

మూడు గురువారాలు ఇదే వరస. తన పనికి మచ్చ వచ్చిందని మావాడు తెగ మథనపడి ప్రోగ్రాంకి ఇంకో ముక్క తగిలించాడు: తీగ మళ్లీ పెట్టగానే కంప్యూటర్ ఆగిన అప్‌డేట్‌ని తనే అందుకుంటుంది. ఆ శుభవార్త చెప్పడానికి ఛాతీ విరుచుకుంటూ వెళ్లాడు.

“ఇక నేను రావలసిన పనే లేదండీ!”

“పనుంటేనే వస్తారా?”

“పని లేకుండా ఎందుకొస్తానండీ?”

ఆమె ఫైలు మూసేసింది. పది రోజుల్లో వేరే బ్రాంచికి బదిలీ పెట్టించుకుంది.

ఆమె వెళ్లాక వచ్చిన గురువారం రిపోర్టు మొత్తం పచ్చగా వచ్చింది. నూటికి నూరు శాతం! మేనేజరు భుజం తట్టాడు. మావాడు పొంగిపోయాడు. మరో ఆరు నెలలూ అలాగే గడిచాయి.

చివరికి రికార్డుల గదిలో అందరూ పెద్దక్క అని పిలిచే గుమాస్తా ఉండబట్టలేక అడిగింది. “ఏమయ్యా, ఎలుకలు గడియారం చూసి తీగలు పీకుతాయా?”

అప్పటికిగానీ ఆ తీగ పీకిందెవరో మావాడి బుర్రకెక్కలేదు.

మరుసటి గురువారం మూడింటికి ఆ బ్రాంచికి వెళ్లాడు. ఆమె తలెత్తింది.

“ఇలా వచ్చారేంటి? నా కంప్యూటర్ బాగానే ఉందే!”

“పని లేకుండా వచ్చానండీ.”

ఆమె బల్ల కిందికి వంగి తీగ పుటుక్కున పీకేసి, “ఇదిగో, పాడైంది. కూర్చోండి,” అంది.

ఇక్కడే కొంచెం కల్పించాను. వాడు వెళ్లిందీ, ఆ మాట అన్నదీ నిజం. ఆమె మాత్రం వంగలేదు. “తీగ పీకడం ఎప్పుడో మానేశానండీ,” అంది, మెల్లగా.

ఆ ముక్క నాకు చెప్పేటప్పుడు వాడి మొహం మీరు చూడలేదు. చూసుంటే మీరూ కథలో ఆమెచేత తీగ పీకించేవాళ్లే.