అణుమేస్త్రి మెచ్చుకోలు

2079 నాటికి బందరు రోడ్ల మీద స్టీరింగు ఉన్న కారు ఒక్కటే మిగిలింది. అది లాస్యమ్మది. మిగతా బళ్ళన్నీ తమంతట తామే నడుస్తాయి. ఎక్కి ఊరి పేరు చెప్పి కళ్ళు మూసుకుంటే చాలు, దిగాల్సిన చోట అవే లేపుతాయి. వాటికి హారను లేదు, గేరు లేదు, తిట్టుకుందామంటే డ్రైవరైనా లేడు. అందుకే పొద్దున్నే లాస్యమ్మ తన తెల్ల రాజహంస కారును వీధిలోకి తీసి ఒక్కసారి హారను కొట్టిందంటే పిల్లలు మేడల మీంచి తొంగిచూసేవారు. కారుకు తొంభై ఒక్క ఏళ్ళు, డ్రైవరుకు అరవై ఏడు. ఇద్దరిలో ఎవరి ఇంజను గట్టిదో తేల్చుకోలేక వీధివాళ్ళు వాదించుకునేవారు.

ఆమె ముప్పై అయిదేళ్ళు నర్సుగా పనిచేసింది. తుఫాను రోజుల్లో తనంతట తాను నడిచే బండి నీళ్ళు చూసి ఆగిపోతే, ఈ కారులో ఎంతమంది నిండు చూలాళ్ళను ఆస్పత్రికి చేర్చిందో ఆమెకే లెక్క తెలియదు. ఇప్పుడు రిటైరైంది. అయినా చేతిలో స్టీరింగు ఉన్నంతసేపే తను మనిషినన్నట్టుంటుంది ఆమెకు.

ఆ స్టీరింగుకే ఇప్పుడు గండం వచ్చింది. పాత పెట్రోలు బళ్ళ చట్టం ప్రకారం, బండి బాడీలో నూటికి ముప్పై పాళ్ళయినా పుట్టులోహం ఉండాలి. అంటే ఆ బండి ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు దాని ఒంటి మీదున్న రేకు. ముప్పై ఉంటే వారసత్వపు బండి, రోడ్డెక్కొచ్చు. ఒక్క పాలు తగ్గినా ఇంజనుకు సీలు వేసి షెడ్డులో నిలబెట్టేస్తారు. పరీక్ష ఈ పూటే.

“ఏవండీ, మళ్ళీ చెబుతున్నా,” అంది లాస్యమ్మ, కారు మీది గుడ్డ లాగుతూ. “అబద్ధం చెప్పమనట్లేదు. అడక్కుండా నోరు మాత్రం తెరవకండి.”

“నాకేం పనే, నేనెందుకు తెరుస్తాను?” అన్నాడు సోమాచారి.

సోమాచారి ఆమె భర్త. నలభై ఏళ్ళు బెజవాడ ఆటోనగర్లో టింకరింగు చేసిన మేస్త్రి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన రేకును కోసి, కొత్త రేకును సుత్తితో సాగగొట్టి వంపు తేవడంలో ఆయన తరవాతే ఎవరైనా. నోటీసు వచ్చిన రోజు ఆయన నసుగుతూ ఒక మాట బయటపెట్టాడు: ఎడమ ముందు మడ్‌గార్డు ఫ్యాక్టరీది కాదు, తన చేతిదే. ఒక్క మడ్‌గార్డే కదా, పోతే తొమ్మిది పాళ్ళు పోతాయిలే అనుకుంది లాస్యమ్మ. ఆమె భయమల్లా ఆయన నోటి గురించే. ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

పదింటికల్లా లోహారోగ్య సంస్థ నుంచి డాక్టర్ ఇందుజ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భుజానికి హార్మోనియం పెట్టెంత డబ్బా. దాని మీద ఇత్తడి రేకులో “అణుమేస్త్రి” అనీ, కింద “రూపకర్త: డైరెక్టర్ పరాంకుశరావు” అనీ చెక్కి ఉంది.

“ముందు తుప్పు మానుస్తుందమ్మా, తరవాత పుట్టుక చెబుతుంది,” అంది ఇందుజ వసారాలో చాప మీద డబ్బా దించి. “తుప్పంటే ఇనుము చచ్చిపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్ను పట్టుకుని వదల్లేకపోవడం. ఈ లేపనంలో కంటికి కనబడని యంత్రాలు కోట్ల కొద్దీ ఉంటాయి. అణుకూలీలంటాం. ఒక్కో కూలీ ఒక్కో అణువు దగ్గర ఆ పట్టు విడిపిస్తుంది. విడిపించిన ఇనుమును పక్కనున్న మంచి రేకు రేణువుల వరస చూసుకుని, ఆ వరసలోనే కూర్చోబెడుతుంది. చాలకపోతే ఈ ఇనుప పొడి తీసుకుంటుంది.”

ఆమె కుడి ముందు డోరు కింద, బొటనవేలు దూరేంత తుప్పు చిల్లు చుట్టూ బూడిదరంగు లేపనం పూసింది. ఎర్రటి పెళుసు అంచు మెల్లగా నల్లబడింది, నలుపు తేరి వెండిరంగుకు తిరిగింది. అంచులు ఒకదాని వైపు ఒకటి జరిగాయి. కాఫీ తాగి గ్లాసులు కింద పెట్టేలోగా చిల్లు లేదు.

వెక్కిరిద్దామని కూర్చున్న సోమాచారి లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, ఆ చోట గోటితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఖంగుమంది.

“ఓరి నాయనో! లప్పం లేదు, అతుకు లేదు. నలభై ఏళ్ళు ఈ తుప్పుతో కుస్తీ పట్టాను తల్లీ. పట్టిందంటే కోసి పారెయ్యడమే మాకు తెలుసు. మానుతుందని కల్లో కూడా అనుకోలా. చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి దీనికి,” అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. లాస్యమ్మకూ ముచ్చటేసింది, కానీ ఆమె కన్ను డబ్బా మీదున్న తెర మీదే ఉంది. దాని మీద “పుట్టులోహం: 100” అని వెలుగుతోంది.

ఇందుజ ఎడమ మడ్‌గార్డుకు లేపనం పూసింది. లాస్యమ్మ భర్త పక్కకు జరిగింది.

“ఇది పుట్టులోహమే,” అంది అణుమేస్త్రి, నెమ్మదైన ఆడగొంతుతో. “ఫ్యాక్టరీ ప్రెస్సు పనితనం అమోఘం. దీపం చుట్టూ ఉన్న ఈ వంపు మనిషి చేతికి సాధ్యమయ్యేది కాదు.”

హమ్మయ్య అనుకుని లాస్యమ్మ భర్త వైపు చూసింది. ఆయన దవడ కదులుతోంది. ఆమె ఆయన జబ్బ గిల్లింది. గట్టిగా గిల్లింది.

“మనిషి చేతికి సాధ్యం కాదా?” అన్నాడు సోమాచారి. “సాధ్యం కాకపోతే ఈ చేతులేంటి, చెక్కవా? ఆరు రోజులు కొట్టానమ్మా దాన్ని! ఇసక సంచీ మీద పెట్టి, చెక్క సుత్తితో. పాత రాజహంసల టాపు రేకే తెచ్చి వాడాను కనకే నీకు వయసు తేడా తెలీలేదు.”

“నమోదు చేసుకున్నాను,” అంది అణుమేస్త్రి. తెర మీద 91 పడింది.

“ఏవండీ!” అంది లాస్యమ్మ పళ్ళ బిగువున.

“ఒక్కటే కదే, పోనీ,” అన్నాడాయన, తల దించుకుని.

ఒక్కటైతే ఈ కథే లేదు. బానెట్టు దగ్గరకొచ్చేసరికి యంత్రం, “ఇంత పెద్ద రేకులో ఎక్కడా ఒక్క సుత్తి దెబ్బ కనబడదు. ఆ రోజుల్లో విదేశాల నుంచి యంత్రాలు తెప్పించి ఉంటారు,” అంది. సోమాచారి ఆగలేకపోయాడు. 77. నిండా మునిగినవాడికి చలేమిటనుకున్నాడేమో, ఆ తరవాత యంత్రం మెచ్చుకునేదాకా కూడా ఆగలేదు. డిక్కీ మూత తనదే. డోర్లు నాలుగూ తనవే, కుడి మడ్‌గార్డూ తనదే. ఇదిగో ఈ ముక్కు రేకు మూడుసార్లు పాడుచేసి నాలుగోసారి సాధించాడు. ఆయన చెబుతూంటే ఇందుజ నోట్ చేసుకోవడం మానేసి నోరు తెరుచుకుని వింటోంది.

లాస్యమ్మకు ముందు ఒళ్ళు మండింది. తరవాత ఇంకేదో అయింది. డిక్కీకి గేదె అడ్డమొచ్చిన రోజు, వెనక డోరును ఆస్పత్రి గేటు గీరేసిన రోజు ఆమెకు గుర్తున్నాయి. ప్రతిసారీ ఆమె ఏడుపుముఖంతో ఇంటికొస్తే ఆయన “ఇంతేనా, కాస్త లప్పం పెడితే పోతుంది” అనేవాడు. లప్పమేనని ఆమె నమ్మింది. తన కారు ఒరిజినల్ అని ఊరంతా చెప్పుకుని మురిసింది. ఆ మురిపెం పోతుందని ఈ మనిషి ఇన్నేళ్ళూ రేకు వెనక రేకు కొత్తగా చేసి పెట్టి, నోరు మెదపలేదన్నమాట. నువ్వుగింజ నానని ఆ నోటితోనే! ఆమెకు ఆయన్ను కొట్టాలనిపించింది, కౌగలించుకోవాలనీ అనిపించింది. పరాయి పిల్ల ఉందని రెండూ మానుకుంది.

తెర మీద 34 ఉంది.

“ఇంక చాలు,” అంది లాస్యమ్మ. “టాపు మీరు ముట్టుకున్నారా?”

“లేదే. ఒట్టు. టాపు ఫ్యాక్టరీదే. ఇరవై తొమ్మిది పాళ్ళు అదే ఉంటుంది. కుడివైపు డోర్ల కింద పట్టీ కూడా ఫ్యాక్టరీదే, అది అయిదు.”

లాస్యమ్మ చటుక్కున చూపు తిప్పుకుంది. ఎందుకంటే ఆ పట్టీ సంగతి ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

పన్నెండేళ్ళ కిందట సోమాచారి కిడ్నీ ఆపరేషన్‌కని గుంటూరు ఆస్పత్రిలో నెలరోజులున్నాడు. ఆమె ఆ నెలంతా అక్కడే ఉండి, వారానికోసారి ఇంటికొచ్చేది. అప్పుడు ఆ పట్టీ తుప్పుకు విరిగి వేలాడింది. ఆయనకు చెబితే మంచం దిగి వచ్చేస్తాడు. ఆమె ఆయన గ్యాస్ వెల్డింగు సామాను, దాచుకున్న పాత రాజహంస రేకులూ దించింది. అతికించబోతే మూడు రేకులు కాలిపోయాయి. నాలుగోదాన్ని, పురుడు పోసుకున్న తల్లికి కుట్లు వేసినట్టు, ఇక్కడొకటి అక్కడొకటి చుక్కలు పెట్టుకుంటూ, మధ్యమధ్య చల్లారనిస్తూ అతికింది. రంగు వేసి ఊరుకుంది. చూస్తే ఆయన పీకి మళ్ళీ చేస్తాడని ఎన్నడూ చెప్పలేదు.

“ఇది పుట్టులోహమే,” అంది అణుమేస్త్రి. “ఇంత సన్నటి అతుకు ఫ్యాక్టరీ రోబోకే సాధ్యం.”

నోరు మూసుకో లాస్యా, అనుకుంది ఆమె. ముప్పై నాలుగుంది. కారు నీదే. నోరు మూసుకుంటే చాలు.

మూసుకుంది కూడా. కానీ సోమాచారి వంగి, ఆ పట్టీ మీద వేలు రాస్తూ, “నిజమేనమ్మా. మా ఆటోనగర్ మొత్తం వెతికినా ఇట్లాంటి అతుకు వేసే మేస్త్రి లేడు. నాక్కూడా రాదు,” అన్నాడు.

నలభై ఏళ్ళ కాపరంలో ఆ మనిషి ఇంకొకరి అతుకును మెచ్చుకోవడం ఆమె వినలేదు. వంకాయ కూర బాగుందన్నాడు గానీ, అతుకు బాగుందని ఎవరినీ అనలేదు.

“అది నేను వేశాను,” అంది లాస్యమ్మ.

తెర మీద 29 పడింది.

సోమాచారి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, నేల మీద పడుకుని పట్టీని అడుగునుంచి చూశాడు. లేచి ఆమె చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పన్నెండేళ్ళు రోజూ తుడిచానే దాన్ని,” అన్నాడు. “నాకు కనబళ్ళేదే! ఇన్నాళ్ళూ నా పక్కన ఇంత మేస్త్రిని పెట్టుకుని కుర్రాళ్ళకి జీతాలిచ్చుకున్నాను.”

ఆ మాటకు లాస్యమ్మకు ఏడుపొచ్చింది. మెచ్చుకున్నందుకు కొంత, కారు పోయినందుకు కొంత. రేపటి నుంచి తనూ అందరిలాగా డబ్బా బండెక్కి ఊరి పేరు చెప్పి కళ్ళు మూసుకోవాలి.

“క్షమించండమ్మా,” అంది ఇందుజ, సీలు బయటికి తీస్తూ. “ఇంత మంచి పని నేనెక్కడా చూడలేదు. కానీ రూలు రూలే.”

లాస్యమ్మ ముఖం తుడుచుకుంది. నర్సు బుర్ర, ఏడుస్తూ కూడా పనిచేస్తుంది. “అమ్మాయ్, ఒక సందేహం. అణువు వరస చదివే యంత్రానికి మా ఆయన సుత్తి దెబ్బ తెలియదా?”

ఇందుజ బిగుసుకుంది. “పరీక్ష పద్ధతి చెప్పకూడదండీ. యజమానికి తెలిసిపోతే అసలు పరీక్షే చెల్లదు.”

“అలాగా,” అంది లాస్యమ్మ.

ఆమె డబ్బా చుట్టూ తిరిగింది. ఈ పూట ఇది ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడక్కుండానే ఇద్దరూ కక్కేశారు. పక్కవాణ్ణి పొగిడితే చాలు. ఆమె ఇత్తడి రేకు మీది పేరును కొంగుతో తుడిచింది.

“పరాంకుశరావుగారట! ఎంతటి మేధావమ్మా. మనిషి నాడి ఇలా పట్టుకోవాలంటే మామూలు బుర్రకి తట్టదు. అంతా ఆయన ఊహేనా?”

“ఊఁ,” అంది ఇందుజ.

“మహానుభావుడు,” అన్నాడు సోమాచారి, ఆమె ఎత్తు తెలియకపోయినా మనస్ఫూర్తిగా.

“రాత్రింబగళ్ళు కూర్చుని రాసుంటారు పాపం. మీలాంటి చిన్నపిల్లలకి ఇంకా ఆ అనుభవం రావాలిలే. ప్రస్తుతానికి డబ్బా మోస్తున్నారుగా, అదే అదృష్టం.”

ఇందుజ చెవులు ఎర్రబడ్డాయి. సీలును ఒకసారి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“ఆయనకు ఆ భాగం ఉందని కూడా తెలీదండీ!” అంది ఒక్కసారిగా. “ఆయన సంతకం పెట్టారంతే. నిజంగా మంచి పని అయితే ఫ్యాక్టరీ రేకుకీ దానికీ యంత్రం తేడా పట్టలేదని కనిపెట్టింది నేను. పట్టలేకపోతే ఫ్యాక్టరీని మెచ్చుకుని ఊరుకోమని రాసింది నేను! చెత్త పని చేసినవాడు ఎలాగూ దొరికిపోతాడు. గొప్పగా చేసినవాడు ఆ పేరు ఇంకొకరికి పోతుంటే చూస్తూ ఊరుకోలేడు. ప్రతి అక్షరం నాది! మూడేళ్ళు—”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

“పరీక్ష పద్ధతి యజమానికి వెల్లడైంది,” అంది అణుమేస్త్రి, అదే నెమ్మదైన గొంతుతో. “ఈ పరీక్ష చెల్లదు. కొత్త పద్ధతి వచ్చేదాకా పాత లైసెన్సు కొనసాగుతుంది.”

తెర ఖాళీ అయింది. ఇందుజ చాప మీద కూలబడి ముందు బిక్కమొహం వేసింది. తరవాత, ఎందుకోగానీ, పగలబడి నవ్వింది. సోమాచారికి విషయం అర్థమయ్యేసరికి లాస్యమ్మ కారు తాళాలు తీసుకుని వచ్చేసింది.

“ఎక్కు తల్లీ, స్టేషన్లో దింపుతాను,” అంది స్టీరింగు ముందు కూర్చుంటూ. “దార్లో ఆ మెచ్చుకునే భాగం ఎలా రాశావో చెబుదువుగాని.”

చెప్పకూడదు, చెప్పకూడదు అంటూనే ఇందుజ వీధి మలుపు తిరక్కముందే మొదలుపెట్టింది. స్టేషన్ వచ్చింది, రైలూ వచ్చింది. కారు దిగి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి, ఆమె ఇంకా చెబుతూనే ఉంది.