పదకొండో పేజీ

బిష్కెక్‌లో ఆ ఉదయం కూడా మామూలుగానే మొదలైంది. జూరకన్ గిన్నెల్లో పాల టీ పోస్తోంది. ఆమె భర్త తెమిర్‌కుల్ అద్దం ముందు నిలబడి గడ్డం దువ్వుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల క్రితం ఓ సినిమాలో రెక్కల గుర్రమెక్కి మంచు రాక్షసుల్ని చీల్చిన వీరుడిగా దేశమంతా ఎరిగిన నటుడాయన. ఇన్నాళ్లకు ఆ సినిమాకు రెండో భాగం తీస్తున్నారు. పోయిన నెల కబురు అందినప్పటి నుంచీ ఆయన నడక తీరే మారిపోయింది.

"గడ్డం టీలో మునుగుతోంది, ముసలాయనా."

"ముసలాయనేంటే! గుర్రమెక్కాక చూద్దువుగాని."

అంతలో స్క్రిప్టు వచ్చింది. అక్షరాలు కంటికి ఆనక ఆయన దాన్ని భార్యకిచ్చి గట్టిగా చదవమన్నాడు. చదువుతూ చదువుతూ పదకొండో పేజీలో ఆమె ఆగింది.

"ఏమైంది?"

"నువ్వు... చచ్చిపోతావంట."

"ఏంటీ? ఇంకా వంద పేజీలున్నాయి కదే!"

"పశువులు కాసే పిల్ల చేతికి ఖడ్గమిచ్చి కన్నుమూస్తావు. తర్వాత కథంతా ఆ పిల్లదే."

తెమిర్‌కుల్ వెంటనే దర్శకుడికి ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఆశ్చర్యపోయాడు.

"ఇంట్లో చెప్పలేదా అన్నా? ఆ పిల్ల వేషం మీ కోడలు కన్యషాయ్‌దే కదా!"

తెమిర్‌కుల్ ఫోన్ పెట్టేసి తల తిప్పాడు. వంటగది గుమ్మంలో నూనెలో వేయించిన వేడి బూర్సోకు రొట్టెల పళ్లెంతో కన్యషాయ్ నిలబడి ఉంది. నారిన్ కొండల్లో గుర్రాల మధ్య పెరిగిన పిల్ల. ఈ ఇంటికొచ్చి ఆరేళ్లు. సినిమాల్లో నాయికల బదులు గుర్రం మీంచి దూకే పని చేస్తుంది.

"ఎన్నాళ్లుగా?"

"రెండు నెలలు, మామయ్యా."

"నా కొడుక్కి తెలుసా?"

ఆమె తలదించుకుంది.

"రెండు నెలలు!" తెమిర్‌కుల్ బల్ల మీద గుద్దాడు. "రోజూ నా మోకాళ్లకు కొవ్వు రాశావు. గుర్రమెక్కుతాను, దూకుతాను అని నేను వాగుతుంటే లోపల నవ్వుకున్నావా? నా ఇంట్లో కూర్చుని నా ఖడ్గమే లాక్కున్నావా?"

"అరవకు, గుండె పట్టుకుంటుంది," అంది జూరకన్.

"పట్టుకోనీ! ఎలాగూ పదకొండో పేజీలో పోయేవాణ్నే!"

కన్యషాయ్ పళ్లెం కింద పెట్టింది. "వాళ్లు మిమ్మల్ని పిలవాలనుకోలేదు మామయ్యా."

"అంటే?" అన్నాడు తెమిర్‌కుల్.

"పాత సినిమాలోంచి మీ ముఖం తీసి కంప్యూటర్లో అతికిస్తామన్నారు. ఆయన చేత్తో ఇస్తేనే ఖడ్గం పట్టుకుంటాను, లేదంటే ఇంకో పిల్లను చూసుకోండన్నాను. నెల రోజులు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాకే మీకు కబురు పెట్టారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అద్దం ముందు మీ సంబరం చూశాక నోరు పెగల్లేదు."

తెమిర్‌కుల్ కుర్చీలో కూలబడ్డాడు. తనను అసలు ఎవరూ పిలవలేదన్న మాట చావు కన్నా గట్టిగా తగిలింది. తర్వాత లేచి, నేల మీది ఉన్ని తివాచీపై వెల్లకిలా పడుకున్నాడు.

"రా. ఆ పేజీలో నీ మాట చెప్పు."

ఆమె పక్కన మోకరిల్లి పేజీ చూసింది. మొదటి పదం దగ్గరే పేజీ కింద పెట్టేసింది. ఆ సినిమాలో వీరుడి పేరూ తెమిర్‌కులే. అప్పట్లో దర్శకుడు నటుడి పేరే పెట్టేశాడు. చనిపోతున్న వీరుణ్ని ఆ పిల్ల పేరు పెట్టి పిలవాలి. వాళ్ల ఆచారం ప్రకారం కోడలు మామగారి పేరు నోట పలకదు. ఈ ఆరేళ్లలో కన్యషాయ్ ఒక్కసారీ పలకలేదు.

"నా వల్ల కాదు మామయ్యా."

"పిలువు తల్లీ. చచ్చేవాడి దగ్గర మర్యాదలేంటి?"

"తెమిర్‌కుల్..."

జూరకన్ రుమాలుతో మూతి మూసుకుంది. మూసిన ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు జారాయి. తడుముతూ కోడలి చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"ఇంకా గట్టిగా," అన్నాడు. "కొండ అవతల ఉన్నవాళ్లకు వినపడాలి."