దున్నపోతు వెనక చప్పుడు

అంగారకుడి మీద బండికి ఒంట్లో బాగోకపోతే మెకానిక్కును పిలవడం ఎప్పుడో మానేశారు. బండిలో ఉన్న శ్రవణే రోగమేమిటో చెబుతుంది. చట్రం పొడవునా ఆవగింజలంత ధ్వనిగ్రాహకాలు పొదిగి, అవి విన్నదాన్నిబట్టి ఏ బోల్టు వదులైందో, ఏ బుష్ అరిగిందో చెప్పే ఈ నాదనిదాన యంత్రాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ నాగభూషణం. అది ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదని ఆయన కనబడ్డవాళ్లకల్లా చెబుతుంటాడు. ఆ మాట వినకుండా తప్పించుకున్నవాళ్లు స్టేషన్‌లో లేరు.

అంతటి శ్రవణి ఉన్న, ఎలాంటి నేల మీదైనా నడిచే వాహనం వెనక నుంచి, కొండ మొదట్లోనే, దడక్‌మని చప్పుడొచ్చింది.

ఆ బండిని అందరూ ముద్దుగా దున్నపోతు అంటారు. దాని వెనక సస్పెన్షన్ తయారుచేసింది దళంలోని ఇంజనీరు వకుళ. కొండ భుజం మీద మంచు ఉందని ఉపగ్రహాలు చెబుతున్నాయి. అది దొరికితే స్టేషన్‌కి నీళ్ల కరువు తీరుతుంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే మాత్రం మళ్లీ వచ్చేలోపు దుమ్ము తుపానులు దారి మూసేస్తాయి, వకుళ బండిని మరొకరు నమ్మరు.

"శ్రవణీ, వెనక ఏమైందమ్మా?" అని అడిగింది వకుళ.

"వాహనంలో ఏ లోపమూ లేదు."

దడక్.

"లోపం లేకపోతే ఆ దరువు ఎవరిది?" అన్నాడు దళనాయకుడు ఖాదర్. నిబంధనల విషయంలో ఆయన పట్టు వదలడు. "కారణం తెలియని చప్పుడుతో కొండెక్కేది లేదు. మధ్యాహ్నంలోగా తేల్చండి. తేలకపోతే వెనక్కి పోదాం."

వకుళ సూటు తొడుక్కుని కిందికి దిగింది. దళంలో మూడో మనిషైన డాక్టర్ నాగభూషణం గారు బండి నడుపుతుంటే చట్రానికి హెల్మెట్ ఆనించి వింటూ నడిచింది. వేగం పెంచినప్పుడు చప్పుడు లేదు, కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ బాగానే ఉంది. బ్రేకు వేసినా లేదు. చక్రం రాయెక్కి దిగినప్పుడే దడక్‌మంటోంది. షాక్ అబ్జార్బర్లు బిగించి చూసింది, బుష్‌లు మార్చింది. దున్నపోతు మాత్రం తన దరువు తను వేస్తూనే ఉంది.

ఇక చూడనిది బండి లోపల వెనకున్న పనిముట్ల పెట్టె ఒక్కటే. ఆమె దాని జోలికి పోలేదు.

నిలువు కొండ ఎక్కే బండిలో సొంత బరువు పెట్టకూడదు. పట్టుబడితే దళంలోంచి తీసేస్తారు. అది తెలిసీ, అంగారక శిలను తనే తొలిచి చేసుకున్న కల్వం ఆ పెట్టెలో దాచింది. వెల్లుల్లి కారం నూరుకోకుండా ట్యూబుల్లో తిండి మింగడం ఆమెవల్ల కాదు మరి. కంబళి చుట్టి మూలకి నొక్కింది కాబట్టి చప్పుడు దానిది కాదని నమ్మకం.

"పెట్టె చూశాను. అందులో ఏమీ లేదు," అంది బండిలోకి తిరిగొచ్చి.

"నేనూ చూశానమ్మాయ్. అక్కడేం లేదు," అన్నాడు డాక్టర్ గారు, కాస్త తొందరగా.

"అయితే వెనక్కే," అన్నాడు ఖాదర్.

వకుళ కొండకేసి చూసింది. నీళ్ల రేషన్ గిన్నెలతో వరుసలో నిలబడే జనం గుర్తొచ్చారు. తన చోటు పోతే పోయింది, బండి మీద మచ్చ పడకూడదనుకుంది.

"సార్, అబద్ధం చెప్పాను. పెట్టెలో నా కల్వం ఉంది. తర్వాత నన్ను దళంలోంచి తీసెయ్యండి, ఇప్పుడు మాత్రం కొండెక్కండి," అంటూ పెట్టె తెరిచింది.

కల్వం ఉంది, దాని మీద కంబళి లేదు. దాని పక్కన, అదే కంబళి కప్పుకుని, అంచు బయటికి చాచి, ఓ ఇనప దోసె పెనం పడుకుని ఉంది. రాయి మీద ఇనుము తగిలిన మెరుపు గీత పెనం అంచున స్పష్టంగా కనబడుతోంది.

డాక్టర్ గారు మెడ నిమురుకున్నాడు. "చీకట్లో చేతికి ఏదో గుడ్డ తగిలితే నా పెనానికి చుట్టాను... కింద నీ రాయి ఉందని నాకేం తెలుసమ్మాయ్."

"శ్రవణీ, ఇదంతా నీకు తెలుసా?" అన్నాడు ఖాదర్.

"తెలుసు. ఎవరి రహస్యం వారి అనుమతి లేకుండా చెప్పకూడదని నన్ను చేసినవారే నియమం పెట్టారు. ఎవరికీ చెప్పొద్దని ప్రయాణానికి ముందు ఒక్కొక్కరే వచ్చి అడిగారు. మీరేమో వాహనం గురించే అడుగుతున్నారు. వాహనంలో లోపం లేదు."

ఇద్దరూ తల వంచుకుని శిక్ష కోసం ఎదురుచూశారు.

"బండి బాగుంది కదా," అన్నాడు ఖాదర్ చివరికి, ఎటో చూస్తూ. "ఆ రెండూ విడివిడిగా కట్టండి. పోదాం."

ఇంత మెత్తగా వదిలేస్తాడని వకుళ కలలో కూడా అనుకోలేదు.

దున్నపోతు ఊగుతూ, రొప్పుతూ, జారుడు రాళ్లన్నీ తొక్కుకుంటూ ఎక్కింది. వెనక నుంచి చిన్న చప్పుడైనా లేదు. కొండ భుజం మీద డ్రిల్లు దిగిన చోట తెల్లటి మంచు పైకి చిమ్మింది. స్టేషన్ నుంచి రేడియోలో కేకలూ చప్పట్లూ వినిపించాయి. వకుళ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

శుద్ధి చేసిన ఆ మంచునీళ్లతోనే సాయంత్రం కాబిన్‌లో డాక్టర్ గారు దోసె పిండి కలిపాడు. వకుళ కారం నూరింది. పెనం మీద మొదటి దోసె చుయ్యిమనగానే ఖాదర్ లేచి, డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టాడు. ఏదో గాజు టింగుమంది.

భూమి నుంచి తెచ్చి దాచుకున్న నెయ్యి సీసా అది.

"శ్రవణీ," అన్నాడు డాక్టర్ గారు నవ్వాపుకుంటూ, "ముందు వైపు చప్పుడేదో వచ్చినట్టుంది?"

"వాహనంలో ఏ లోపమూ లేదు," అంది శ్రవణి.