దగ్గని గొంతు

పొద్దున్నుంచీ నూకరాజు ఫోనుకి పిలుపులు వస్తూనే ఉన్నాయి. అతను మాత్రం ఎత్తడం లేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. ఫోన్లో ఉండే మాటబొమ్మ అనే మర ఎత్తి, అతని గొంతుతోనే మర్యాదగా మాట్లాడి, మర్యాదగా పెట్టేస్తోంది. కాకినాడ జగన్నాథపురం వంతెన పక్కనున్న తన ఫోన్ల కొట్లో, పాతకాలపు సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని అతని పని అతను చేసుకుంటున్నాడు.

ఆనవాలు చట్టం వచ్చాక మొహం లేని పిలుపన్నది లేకుండా పోయింది. ఫోను మోగకముందే తెర మీదుండే ముఖపట్టీ మీద పిలిచేవారి పేరు, వరస, ఉన్న ఊరు తేలతాయి. అవి చూసి, ఈ పిలుపు యజమానికి ఇవ్వాలా, తనే చూసుకోవాలా అన్నది మాటబొమ్మ తేల్చుకుంటుంది. ఎవరెవరిని దానికి అప్పజెప్పాలో ఒక్కసారి చెబితే చాలు. ఎప్పుడైనా పేరు తేలని పిలుపొస్తే మాత్రం అది ముట్టుకోదు, యజమానే ఎత్తాలి. మొదట్లో జనం విసిగించే వ్యాపారులనే అప్పజెప్పారు. తర్వాత చుట్టాల్నీ అప్పజెప్పేశారు. మనిషి బుద్ధి తెలిసిందేగా! చిత్రమేమిటంటే, ఎదుటివాళ్ల కోసం బొమ్మని పెట్టుకున్నవాడు కూడా, తనతో మాట్లాడేది మాత్రం మనిషేనని నమ్ముతాడు.

"ఒరేయ్ నూకా!"

తలెత్తాడు. పిఠాపురం మేనత్త నాగరత్నం, చేతిసంచితో మెట్లెక్కి వస్తోంది.

"అయ్యో, ఎండలో ఎందుకొచ్చావత్తా? కబురు చేస్తే నేనే వద్దును కదా."

"వస్తావులే, మాకు తెలీదా! ఇదిగో, ఈ ఫోను నా పేరు మింగేస్తోందిరా. ఎవరికి చేసినా మొహం రావట్లేదంట. దొంగదాన్నన్నట్టు తిట్టి పెట్టేస్తున్నారు. నువ్వూ తిట్టావు నిన్న. ఎవడ్రా నువ్వు, స్టేషన్లో వేయిస్తానన్నావు."

నూకరాజు నాలిక కరుచుకున్నాడు. "అది నువ్వా అత్తా! పట్టీ ఖాళీగా ఉంటేనూ..."

"తిడితే తిట్టావు గానీ, తిడుతూ దగ్గావు. అది విన్నాక ఇంట్లో కాలు నిలవలేదు. ఉబ్బసం తిరగబెట్టిందేంట్రా? ఫోన్లో ఇన్నాళ్లూ దగ్గు వినపడకపోతే తగ్గిపోయిందనుకుని, అన్నవరం వెళ్లి మొక్కు కూడా తీర్చుకున్నాను." సంచిలోంచి కరక్కాయ పొడి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "మీ మావయ్య కర్మలకొచ్చినప్పుడు కూడా దగ్గావు. హోమం పొగకేమో అనుకున్నా."

బొమ్మకి దగ్గు రాదు. దగ్గు, ఆయాసం, నసుగుడు వడకట్టి మాట్లాడడమే దాని గొప్ప. అత్త రోజూ అవే అడుగుతుందని, తిన్నావా పడుకున్నావా అంటుందని, పని ఒత్తిడిలో ఓ రోజు ఆమెని కూడా బొమ్మకి అప్పజెప్పాడు. బొమ్మ ఎవరితో ఏం మాట్లాడిందో రోజూ సాయంత్రం అతనికి వినిపిస్తుంది. కొన్నాళ్లకి అది వినడం కూడా మానేశాడు.

అత్త ఫోను అందుకుని విప్పాడు. పేరూ మొహం పంపే ఆనవాలు బిళ్ల దగ్గర అతుకు లేచిపోయింది, అంతే. టంకం పెట్టాడు. ఆ టంకం పెట్టడం నేర్పింది పట్టాభి మావయ్య, నాగరత్నం భర్త. ఈ కొట్టు ఒకప్పుడు ఆయనదే. పని అయిందని నోటితో చెప్పకు, మోగించి వినిపించు అనేవాడు. ఆ పద్ధతి నూకరాజు ఎన్నడూ తప్పలేదు. బాగుచేసిన ప్రతి ఫోను నుంచీ బల్ల మీదున్న తన ఫోనుకి చేసి, గిరాకీదారు ఎదుటే గట్టిగా వినిపిస్తాడు. ఇప్పుడూ అలవాటు కొద్దీ చెయ్యి తన నంబరే నొక్కేసింది.

పట్టీ వెలిగింది. నాగరత్నం, మేనత్త, కాకినాడ. ఆ పిలుపు బొమ్మకి పోతుందని అప్పుడు గుర్తొచ్చింది అతనికి. కానీ మోగకుండానే బొమ్మ ఎత్తేసింది.

"అత్తా! బాగున్నావా? మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి? కొట్లో కాస్త గిరాకీగా ఉంది, సాయంత్రం తీరిగ్గా మాట్లాడతానేం?"

అతని గొంతే. అతనికన్నా ప్రేమగా ఉంది. అతని పెదాలు మాత్రం కదల్లేదు. ఆపబోతే నాగరత్నం అతని మణికట్టు పట్టుకుంది. అతని మొహంలోకే చూస్తూ ఫోనుతో అంది.

"నాన్నా, మావయ్యని చూడ్డానికి ఎప్పుడొస్తావు?"

"ఈ ఆదివారం తప్పకుండా వస్తానత్తా. మావయ్యతో చెప్పు."

మావయ్య పోయి ఏడాది దాటింది.

నాగరత్నం తనే ఫోను పెట్టేసింది. "పోయే ముందు ఆయన రోజూ అడిగించేవాడు. నువ్వేమో ఆదివారం, ఆదివారం అనేవాడివి. మంచం గుమ్మానికెదురుగా వేయించుకున్నాడు. కర్మలకొచ్చినప్పుడు నిన్నొక్క మాటన్నానా?"

"లేదత్తా."

"అబద్ధం చెప్పావనుకున్నాను. పెద్దాయన మనసు కష్టపెట్టలేక చెప్పావులే అని సరిపెట్టుకున్నాను. అబద్ధమైనా నువ్వే చెప్పావనుకున్నానురా!"

నూకరాజుకి భూమి చీలితే అందులోకి దూరిపోవాలనిపించింది. "నాకు తెలీదత్తా," అన్నాడు. అన్నాక ఇంకా సిగ్గేసింది. తెలియకుండా ఉండడానికే కదా ఆ ఏర్పాటు చేసుకున్నది!

"ఇప్పుడే ఆ బొమ్మని తీసేస్తాను. ఇకనుంచీ నేనే ఎత్తుతాను. ఒట్టు."

"వద్దు. ఆ అతుకు మళ్లీ ఊడదియ్యి."

"మొహం లేని ఫోను వాడితే పట్టుకుంటారత్తా!"

"పట్టుకోనీ. నా పేరు చూస్తే నువ్వు ఎత్తవు. పేరు లేకపోతే ఎత్తుతావు. తిట్టినా ఫరవాలేదు, నువ్వేనని తెలుస్తుంది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. తన చేత్తో పెట్టిన అతుకుని తనే ఊడదీసి, తలెత్తకుండా ఫోను అందించాడు. బస్సు దాకా వస్తానంటే ఆమె వద్దంది.

సాయంత్రం ఫోను మోగింది. పట్టీ మీద పేరు లేదు, మొహం లేదు. ఎవరిదో తేలక బొమ్మ పక్కకి తప్పుకుంది. నూకరాజు చేతిలో పని వదిలేసి ఎత్తాడు.

"అత్తా."

"ఏదీ, ఓసారి దగ్గు."

చిన్నప్పట్నుంచీ దగ్గుతో వేగినవాడు. ఎంత ప్రయత్నించినా ఇప్పుడు దగ్గు రాలేదు. వెక్కి వెక్కి ఏడ్చేశాడు.

నాగరత్నం అంతా వింది.

"ఆ, నువ్వే," అంది. "తిన్నావా?"