ఇంకా తొమ్మిది గంటలు

ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్నవాణ్ణి. ఇంకొకడు బండి నడుపుతుంటే వెనక చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు. కానీ విమానం తోలే విద్య రాదాయె. అవతలి దేశంలో ఆసుపత్రిలో చెల్లి ఉంది. మర్నాడు పొద్దున్నే నా కాలేయంలో ముక్క కోసి దానికి పెట్టాలి. ఆలస్యమైతే ఇక పెట్టినా లాభం లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల కిటికీలన్నీ మూయించి, దీపాలార్పి అందర్నీ నిద్రపుచ్చారు. నా ఎదుట చిన్న తెర మీద మాత్రం మిగిలిన దూరం, వేగం, సమయం మసగ్గా వెలుగుతున్నాయి.

"ఎంతసేపట్లో చేరతాం, బాబూ?"

కిటికీ పక్క సీట్లోంచి గుసగుస. ఎవరో పెద్దాయన, దుప్పటి ముసుగేసుకున్నాడు. మొహం కనబడలేదు.

మా డిపోలో ఒక పట్టింపు ఉంది. బండి దారిలో ఉండగా ఎప్పుడు చేరేదీ డ్రైవరు నోటితో చెప్పడు. ఎవరడిగినా "చేరినప్పుడు" అంటాం, తిట్లు తింటాం. ఆ రోజు స్టీరింగు నా చేతిలో లేదు కదా అని నోరు జారాను. తెర వంక చూసి, "తొమ్మిది గంటలు" అన్నాను.

"నాకూ అంతే చెప్పారు," అన్నాడాయన.

నాకు కునుకు పట్టింది. లేచేసరికి మెడ పట్టేసింది, గడ్డం గరుకుగా పెరిగింది. తెర మీద ఇంకా అవే తొమ్మిది గంటలు. మిగిలిన దూరం కూడా రవ్వంత తగ్గలేదు. ఇంజను మోత మాత్రం ఆగలేదు. ఏళ్ల తరబడి తెరవని డిక్కీ వాసన... పక్కనుంచే.

"మళ్లీ చెప్పు బాబూ... ఎంతసేపు?"

నా చెవి దగ్గరే. చల్లటి వేళ్లు మోచేతిని పట్టుకున్నాయి. విదిలించుకోబోయాను, వదల్లేదు.

"చెప్పు... చెబితే నాకు తోడుంటావు..."

భయంతో పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే చెల్లి గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

"చూడు పెద్దాయనా," అన్నాను పళ్లు కొరుకుతూ. "అక్కడ నా చెల్లి ఉంది. నువ్వే కాదు, నిన్ను పుట్టించినవాడు అడ్డమొచ్చినా దిగుతా. ఎప్పుడంటావా? చేరినప్పుడు."

వేళ్లు బిగిశాయి. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. బతిమాలాడు, ఏడ్చాడు. నేను మాట మార్చలేదు. తెర మీద ఒక నిమిషం తగ్గింది... తర్వాత ఇంకొకటి...

దిగేటప్పుడు పక్క సీట్లో దుప్పటిని ఎయిర్ హోస్టెస్ తీసుకుపోయింది. దాని ప్లాస్టిక్ కవరు ఎవరూ చింపనే లేదు.

మర్నాడు పొద్దున్న ఆపరేషన్ గది బయట మా ఇద్దరి మంచాలూ పక్కపక్కనే పెట్టారు. గెలిచానని నవ్వుకుంటూ కళ్లు మూసుకున్నాను.

"అన్నయ్యా... ఎంతసేపు పడుతుందిరా?"

చెల్లి గొంతే. పాపం, భయపడుతున్నట్టుంది. డాక్టరు చెప్పిన గంటలు నాలిక చివరిదాకా వచ్చాయి. ధైర్యం చెబుదామని తల తిప్పాను.

చెల్లి మత్తులో ఉంది. నోట్లో గొట్టం ఉంది.

పళ్లు బిగించాను. "అయినప్పుడు," అన్నాను.

మోచేతి మీద ఆ చల్లటి వేళ్లు మెల్లగా బిగిశాయి.