చిట్టీలో రాసినన్ని చుక్కలే

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. గిద్యోను ఇంట్లో పెరటి చెట్టే పనికొచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నారాయణఖేడ్ బస్టాండు దగ్గరి మందుల దుకాణంలో గిద్యోను పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. చదివింది పదో తరగతే. అయినా జనం డాక్టర్ సాబ్ అని పిలిచేవారు, అతను కాదనేవాడు కాదు.

2008 మార్చిలో ఒక ఉదయం రొట్టె పప్పులో అద్దుకుని తింటుంటే పంటికింద రాయి తగిలింది.

“కండ్లు యాడ పెట్టి ఏరినవే, కోమలా?” అన్నాడు నవ్వుతూ.

వాకిట్లో ఎండకు కళ్లు చెదురుతున్నాయని, అందుకే వంటింటి మూల నీడలో కూర్చుని ఏరానని అతని భార్య కోమల చెప్పింది. అందరూ వెలుతురులో వెతికితే నువ్వు చీకట్లో వెతుకుతావా, ముప్పయ్యారేళ్లకే ముసలిదానివయ్యావని గిద్యోను ఆట పట్టించాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ల కూతురు గ్లోరీని పిలిచి, తల ఒళ్లో పెట్టుకుని రెండు కళ్లలో చెరో చుక్క వేశాడు.

అవి దురద చుక్కలు. ఆరేళ్ల కింద కంది పొట్టు దుమ్ముకు కోమల కళ్లు ఎర్రబడితే ఎవరో డాక్టరు ఒక్క వారానికి రాసిచ్చాడు. దురద ఒక్క పూటలో పోయింది. ఇంత మంచి మందు వదులుతామా అని గిద్యోను దుకాణం నుంచి సీసాలు తెచ్చి ఆమె కళ్లలో వేస్తూనే ఉన్నాడు. రెండేళ్లుగా గ్లోరీకీ అవే. వీధిలో అడిగినవాళ్లకూ అవే ఇచ్చాడు.

ఆ వారంలోనే, మిట్టమధ్యాహ్నం ఎండలో బజారు నుంచి వస్తూ కోమల ఎదురుగా వస్తున్న ఆటోను చూసుకోలేదు. మోకాలు గీరుకుపోవడంతో గండం గడిచింది. గిద్యోను బెదిరిపోయి ఆమెను పట్నంలో పెద్ద కంటి దవాఖానకు తీసుకెళ్లాడు.

రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఇంత చిన్న వయసులో ఎందుకొచ్చాయా అని షుగరు ఉందేమో అడిగింది, దెబ్బ తగిలిందేమో అడిగింది. చుక్కల మందు ఏదైనా చాలాకాలం వాడారా అని కూడా అడిగింది. కోమల ఒకసారి మొగుడి వైపు చూసింది. ఖేడ్‌లో డాక్టర్ సాబ్ అనిపించుకునే మనిషి ఇక్కడ చిన్నబోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

“లేదమ్మా. ఏం ఏయలే” అంది.

గిద్యోను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాడు.

కంటిపాప వెనక గాజులాంటి కటకం ఉంటుందని, అందులో నిండా ఉండేవి ప్రోటీన్లేనని డాక్టరమ్మ వివరించింది. అవి ఒద్దికగా సర్దుకుని ఉన్నంతకాలం వెలుగు లోపలికి పోతుంది. చెడితే ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి.

“గుడ్డు ఉడికితే తెల్లసొన తెల్లబడుతుంది కదా, అలాగే. దాన్ని మళ్లీ పచ్చిగా చేయలేం. తీసేసి వేరే కటకం పెట్టాలి. ఒంట్లో చాలావాటికి కొత్తవి పుడతాయి గానీ, కటకం నడుమ ఉండేవి తల్లి కడుపులో తయారైనవే. చచ్చేదాకా అవే.”

ముందు కుడి కంటికి ఆపరేషను అయింది. ఇంటికి పంపుతూ ఇచ్చిన చిట్టీలో మందు పేరు చూసి గిద్యోను ఆగిపోయాడు. తను ఆరేళ్లుగా వేస్తున్న మందే. మొదటి వారం దినానికి నాలుగుసార్లు, రెండో వారం మూడు, ఆపైన రెండు, ఒకటి, తర్వాత బంద్ అని ఉంది. మంచి మందైతే ఎందుకు తగ్గించాలి, ఎందుకు ఆపాలి?

మర్నాడు దుకాణంలో ఆ మందు డబ్బా విప్పి, లోపలి సన్నటి కాగితం మడతలు తీశాడు. పద్దెనిమిదేళ్లలో ఏ కాగితమూ అలా విప్పి చదివింది లేదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోతే, మందు ఎక్కువకాలం వాడితే అనే చోట కెటరాక్ట్ అన్న మాట కనబడింది. కోమల దవాఖాన కాగితం మీద ఉన్నదీ అదే మాట.

ఇంటికొచ్చి దుకాణంలో మందు అయిపోయిందని గ్లోరీతో అబద్ధమాడాడు. కోమలకు చుక్కలు వేయాలంటే చెయ్యి ఆడలేదు. పని ఎక్కువగా ఉందని పక్కింటి ఎలీసబెతుకు అప్పగించాడు. పప్పులో రాయి తగిలినా మాట్లాడకుండా మింగేశాడు. ఇంత పాపం చేసి డాక్టరమ్మ ముందు నోరెందుకు మూసుకున్నానని లోలోపల కుమిలిపోయాడు. చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ కోమల నల్లద్దాలతో లేచి నిలబడింది.

“ఆరేండ్ల సంది నా మొగడు నా కండ్లల్ల చుక్కలేసి కాపాడిండు. పట్నం తీస్కపోయి సూపు తెప్పిచ్చిండు. గసుంటోన్ని నాకిచ్చిన దేవునికి స్తోత్రం.”

సంఘమంతా స్తోత్రం అంది. మగవాళ్ల వైపు నుంచి గిద్యోను లేచాడు.

“నా గురించి స్తోత్రం చెప్పకుర్రి. ఆమె కండ్లు ఖరాబ్ చేసింది నేనేసిన చుక్కలే. డాక్టరమ్మ అడిగితె నోరు మూస్కున్న. నా తాన గా చుక్కలు తీస్కున్నోళ్లు అందరు కండ్లు సూపిచ్చుకోర్రి.”

కోమల చర్చి బయటికి నడిచింది. గిద్యోను ఆమె వెనకే ఇల్లు చేరాడు.

“గ్లోరీకి ఎన్ని దినాలేసినవ్?” అంది గడప దాటగానే.

“రెండేండ్లు.”

“దాని కండ్లు నా కడుపుల తయారైనయ్. నీ ఇజ్జత్ పోతదని నేను అబద్ధమాడిన. ఆడ నిజం చెప్తె ఆ దినమే పిల్ల సంగతి బయటవడేది. నీ తప్పుల నాకు భాగం ఉంది.”

తప్పంతా నీదేనని ఆమె అరిచి ఉంటే అతను తట్టుకునేవాడేమో. ఆ మాటకు గోడకు ఆనుకుని ఏడ్చాడు.

సోమవారం మొదటి బస్సుకే గ్లోరీని తీసుకుని పట్నం వెళ్లారు. ఈసారి డాక్టరమ్మ అడగకముందే కోమల అంతా చెప్పింది. గిద్యోను తల వంచుకుని తిట్లు తిన్నాడు. డాక్టరమ్మ పాప కళ్లు చాలాసేపు పరీక్షించి, కటకాలు నీళ్లలా తేటగా ఉన్నాయని, కంటి నరానికీ దెబ్బ తగల్లేదని చెప్పింది. ఆరు నెలలకోసారి తప్పక చూపించమంది. కోమల చుక్కలు మాత్రం చిట్టీలో రాసినన్ని దినాలే వేసి ఆపమంది.

ఇంటికొచ్చేసరికి కోమలకు చుక్కల వేళయింది. ఎలీసబెతు వస్తే కోమల ఆమెను వెనక్కి పంపి, నల్లద్దాలు తీసి మంచం మీద వెల్లకిలా పడుకుంది.

“నువ్వే ఏయ్” అంది మొగుడితో.

గిద్యోను చేతులు కడుక్కుని సీసా తీశాడు. మూత తిప్పాడు.

“ఆగు. ముందుగాల చిట్టీ సదువు.”

చదివాడు. “రెండో వారం. దినానికి మూడుసార్లు. ఒక్కొక్క చుక్క.”

“ఇయ్యాల ఎన్నోది?”

“మూడోది. ఇగ రేపు పొద్దుగాలనే.”

కోమల కన్ను పెద్దది చేసి కదలకుండా అతని చేతి వైపే చూసింది. గిద్యోను ఒక్క చుక్క వేసి మూత బిగించాడు.